మాట వినడం అంటే ఏమిటి? – క్రైస్తవ బోధలో విధేయత, అవగాహన



మన ఇళ్లలో తరచూ వినబడే ఒక మాటతో ఈ ఉపన్యాసాన్ని ప్రారంభిద్దాం. "మావాడు అసలు మాట వినడండీ" అని ఒక తల్లి పొరుగింటావిడతో చెప్పిందనుకోండి. ఆ పిల్లవాడికి చెవుడు ఉందని పొరుగావిడ అనుకోదు. తల్లి చెప్పింది వాడి చెవిన పడుతూనే ఉంది. కానీ వాడు దాన్ని చేయడం లేదు. తెలుగులో 'వినడం' అనే క్రియకు రెండు అర్థాలున్నాయి. ఒకటి చెవితో వినడం, రెండవది చెప్పినట్లు నడుచుకోవడం.

ఇది తెలుగుకు మాత్రమే ఉన్న విశేషం కాదు. బైబిల్ పాత నిబంధనలో అధికభాగం హీబ్రూ భాషలో ఉంది. ఆ భాషలో 'షమా' అనే ధాతువుకు వినడం అనీ, లోబడటం అనీ రెండర్థాలూ ఉన్నాయి. కొత్త నిబంధన గ్రీకు భాషలో ఉంది. అందులో విధేయతకు వాడిన 'హుపకొయె' అనే మాట కూడా 'వినడం' అనే ధాతువు నుంచే పుట్టింది. లాటిన్‌లోనూ అంతే. తెలుగు బైబిల్‌లో దేవుని ఆజ్ఞల విషయంలో 'గైకొనుట' అనే మాట తరచుగా కనిపిస్తుంది. 'కై' అంటే చేయి. చేతిలోకి తీసుకోవడమే గైకొనడం. చెవిన పడిన మాట చేతిలోకి వచ్చినప్పుడే విధేయత పూర్తవుతుందన్నమాట.

అయితే చెవికీ చేతికీ మధ్య ఇంకొకటి ఉంది. అది బుద్ధి. విన్నదాన్ని అర్థం చేసుకోకుండా చేస్తే ఏమవుతుంది? అర్థం చేసుకుని కూడా చేయకపోతే ఏమవుతుంది? రెండు వేల సంవత్సరాల క్రైస్తవ చరిత్రలో ఈ రెండు ప్రశ్నలూ పదే పదే తలెత్తాయి. ఈ ఉపన్యాసంలో మూడు విషయాలు తెలుసుకుందాం. మొదటిది, వినడానికీ చేయడానికీ మధ్య క్రైస్తవ గ్రంథం చూపించే సంబంధం. రెండవది, గ్రంథాన్ని అర్థం చేసుకునే పద్ధతి, అది తప్పితే కలిగే ప్రమాదం. మూడవది, విధేయత ఎవరికి చూపాలి అనే చిక్కు ప్రశ్న. ఈ మూడవదానికి మన దేశానికే చెందిన పండిత రమాబాయి జీవితాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

మీలో క్రైస్తవులు ఉండవచ్చు, ఇతర మతాలవారూ ఉండవచ్చు, ఏ మతాన్నీ పాటించనివారూ ఉండవచ్చు. ఇది మతబోధ కాదు. ఒక పెద్ద సంప్రదాయం తన గ్రంథాన్ని ఎలా చదువుకుందో, ఆ చదువు మనుషుల జీవితాలను ఎలా మార్చిందో పరిశీలించడమే మన పని.

రెండు ఇళ్ల కథ

మత్తయి సువార్త 5, 6, 7 అధ్యాయాలను 'కొండమీది ప్రసంగం' అంటారు. యేసు బోధల సారమంతా ఇందులో ఉందని చాలామంది భావిస్తారు. శత్రువును ప్రేమించడం, రహస్యంగా దానం చేయడం, ఇతరులకు తీర్పు తీర్చకపోవడం వంటి బోధలు ఇందులోనివే. ఈ ప్రసంగం ఒక చిన్న కథతో ముగుస్తుంది.

ఇద్దరు మనుషులు ఇళ్లు కట్టుకుంటారు. ఒకడు బండ మీద కడతాడు. ఇంకొకడు ఇసుక మీద కడతాడు. వాన కురిసి, వరద వచ్చి, గాలి కొట్టినప్పుడు మొదటి ఇల్లు నిలుస్తుంది, రెండవది కూలిపోతుంది. పాలస్తీనా ప్రాంతపు భౌగోళిక స్థితి తెలిస్తే ఈ కథ ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ ఎండాకాలంలో వాగులు పూర్తిగా ఎండిపోతాయి. ఇసుక గట్టిపడి చదునుగా, ఇల్లు కట్టుకోవడానికి అనువుగా కనిపిస్తుంది. శీతాకాలపు వానలకు అదే వాగులో ఉన్నట్టుండి వరద పారుతుంది.

ఇక్కడ మనం గమనించవలసినది ఒకటి ఉంది. ఇసుక మీద కట్టినవాడు బోధ విననివాడు కాదు. వాడూ విన్నాడు, మొదటివాడూ విన్నాడు. మొదటివాడు విన్నది చేశాడు, రెండవవాడు చేయలేదు. ఎండ కాసినంతకాలం రెండు ఇళ్లూ ఒకే తీరుగా కనబడతాయి. వాన వచ్చినప్పుడే తేడా తెలుస్తుంది. లూకా సువార్తలో ఇదే కథ చెప్పినప్పుడు మొదటివాడు లోతుగా తవ్వి పునాది వేశాడన్న వివరం కూడా ఉంది. ఆ తవ్వే శ్రమ పైకి కనబడేది కాదు.

మత్తయి సువార్త 21వ అధ్యాయంలో మరొక కథ ఉంది. ఒక తండ్రి తన ఇద్దరు కొడుకులను ద్రాక్షతోటలో పని చేయమంటాడు. ఒకడు మొదట "వెళ్లను" అని, తరువాత మనసు మార్చుకుని వెళతాడు. ఇంకొకడు ఎంతో మర్యాదగా "వెళతాను" అని చెప్పి వెళ్లడు. వీరిలో తండ్రి మాట విన్నది ఎవరు? ఈ ప్రశ్నకు మన ఊళ్లో చదువురాని ముసలమ్మ కూడా సరైన జవాబే చెబుతుంది. యాకోబు లేఖలోని పోలిక కూడా ఇదే కోవకు చెందింది. విని ఊరుకునేవాడు అద్దంలో ముఖం చూసుకుని, పక్కకు తిరగగానే తన ముఖం ఎలా ఉందో మరచిపోయేవాడి వంటివాడని ఆ లేఖ చెబుతుంది. ముఖం మీద మసి ఉందని చూసుకుని కూడా తుడుచుకోకపోతే అద్దం ఉండి ఏం లాభం?

విశ్వాసమా, క్రియలా?

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు. మంచి పనులు చేసి రక్షణను సంపాదించుకోవచ్చని క్రైస్తవం చెబుతుందా? ఈ ప్రశ్న మీద పెద్ద చర్చే జరిగింది. రోమీయులకు, గలతీయులకు రాసిన లేఖల్లో పౌలు, మనిషి దేవుని ఎదుట నీతిమంతుడు కావడం విశ్వాసం వల్లనే గాని ధర్మశాస్త్ర సంబంధమైన క్రియల వల్ల కాదని వాదించాడు. యాకోబు లేఖ మాత్రం క్రియలు లేని విశ్వాసానికి ప్రాణం లేదంటుంది. 16వ శతాబ్దంలో జర్మనీలో మత సంస్కరణకు నాయకత్వం వహించిన మార్టిన్ లూథర్‌కు పౌలు వాదమే ప్రధానమైంది. 1522లో తన జర్మన్ కొత్త నిబంధనకు రాసిన ముందుమాటలో ఆయన యాకోబు లేఖను గడ్డితో పోల్చాడు.

జాగ్రత్తగా చూస్తే ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. దేవుని దయను కొనుక్కోవచ్చా అన్నది పౌలు ముందున్న ప్రశ్న. ఆయన జవాబు, కొనుక్కోలేం అని. దయ పొందానని చెప్పుకునేవాడి బతుకులో ఏ మార్పూ లేకపోతే ఆ మాట నిజమేనా అన్నది యాకోబు ముందున్న ప్రశ్న. ఆయన జవాబు, నిజం కాదని. చెట్టుకూ పండుకూ ఉన్న సంబంధం వంటిది ఇది. పండ్లు తెచ్చి కొమ్మలకు కట్టినంత మాత్రాన ఎండిన మోడు చెట్టు కాదు. అలాగని ఏళ్ల తరబడి ఒక్క కాయ కూడా కాయని చెట్టును రైతు మెచ్చుకోడు. దాదాపు 480 సంవత్సరాల వివాదం తరువాత, 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్ సంఘమూ, లూథరన్ ప్రపంచ సమాఖ్యా ఈ అంశం మీద ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. మంచి పనులు రక్షణకు వెల కావనీ, దాని ఫలితాలనీ రెండు పక్షాలూ అంగీకరించాయి.

చదివితే చాలునా?

అపొస్తలుల కార్యాల గ్రంథం 8వ అధ్యాయంలో ఒక సన్నివేశం ఉంది. ఇథియోపియా రాణి దగ్గర కోశాధికారిగా ఉన్న ఒకాయన రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటూ ప్రయాణిస్తున్నాడు. ఫిలిప్పు అనే శిష్యుడు దగ్గరకు వెళ్లి, చదువుతున్నది అర్థమవుతున్నదా అని అడుగుతాడు. చెప్పేవారు లేకపోతే ఎలా అర్థమవుతుందని ఆయన తిరిగి అడుగుతాడు. పెద్ద పదవిలో ఉన్న, చదువుకున్న వ్యక్తి తనకు అర్థం కాలేదని ఒప్పుకోవడం ఇక్కడ ముఖ్యం. నేర్చుకోవడం అక్కడే మొదలవుతుంది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన సన్నివేశం మత్తయి సువార్త 4వ అధ్యాయంలో ఉంది. ఎడారిలో యేసును శోధించిన సాతాను కీర్తనల గ్రంథంలోని మాటలనే ఉదహరిస్తాడు. అంటే గ్రంథంలోని మాటలు కంఠస్థం వచ్చినంత మాత్రాన గ్రంథం అర్థమైనట్లు కాదు. మరి అర్థం చేసుకోవడం ఎలా? బైబిల్ పండితులు సాధారణంగా నాలుగు ప్రశ్నలు వేసుకుంటారు.

1. ఈ భాగాన్ని ఎవరు, ఎవరికోసం, ఏ పరిస్థితుల్లో రాశారు?

2. ఇది ఏ రకమైన రచన? కవిత్వమా, చరిత్రా, చట్టమా, ఉపమానమా, లేఖా?

3. దీనికి ముందూ వెనుకా ఏముంది?

4. మూలభాషలో ఈ మాటకు అర్థం ఏమిటి?

ఒక ఉదాహరణ చూద్దాం. కొండమీది ప్రసంగంలో, కన్ను పాపానికి కారణమైతే దాన్ని పెరికి పారవేయమని ఉంది. దీన్ని అక్షరాలా పాటించమని ప్రధాన క్రైస్తవ సంఘాలేవీ బోధించలేదు. విషయం ఎంత తీవ్రమైనదో తెలియజేయడానికి యూదు బోధకులు వాడే అతిశయోక్తి అది. "నీ కాళ్లు విరగ్గొడతాను" అని తాతయ్య మనవడిని కేకలేస్తే మనం పోలీసులను పిలవం కదా!

ఇంకొక ఉదాహరణ. ఎవరైనా ఒక మైలు దూరం రమ్మని బలవంతం చేస్తే రెండు మైళ్లు వెళ్లమని అదే ప్రసంగంలో ఉంది. ఇది మామూలు ప్రయాణం గురించి చెప్పిన మాట కాదు. అప్పుడు పాలస్తీనా రోమన్ సామ్రాజ్యం కింద ఉంది. దారిన పోయేవాడిని ఆపి, బరువు మోయమని నిర్బంధించే అధికారం రోమన్ సైనికులకు ఉండేది. యేసు సిలువను మోయమని కురేనీయుడైన సీమోనును సైనికులు పట్టుకున్న సందర్భంలోనూ సువార్తల్లో అదే గ్రీకు క్రియ వాడారు. తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు సాగిన వెట్టిచాకిరి గురించి మీ తాతముత్తాతలు చెప్పగా వినే ఉంటారు. దాదాపు అటువంటిదే ఇదీ. ఈ నేపథ్యం తెలిసిన తరువాత ఆ వాక్యం కొత్తగా వినిపిస్తుంది. మొదటి మైలు నిర్బంధం. రెండవ మైలు మోసేవాడి సొంత నిర్ణయం. అక్కడ అతడు బానిస కాదు, స్వతంత్రుడు. హింస లేకుండా తన గౌరవాన్ని నిలబెట్టుకునే మార్గంగా కొందరు వ్యాఖ్యాతలు దీన్ని వివరిస్తారు. ద్వేషాన్ని జయించే ప్రేమగా మరికొందరు వివరిస్తారు. నేపథ్యం తెలియకపోతే మాత్రం ఇది ఉత్త లొంగుబాటుగానే కనిపిస్తుంది.

ఉత్తర ఆఫ్రికాకు చెందిన అగస్టీన్ నాలుగవ శతాబ్దం చివరలో క్రైస్తవ బోధ గురించి ఒక గ్రంథం ప్రారంభించి, 426 ప్రాంతంలో పూర్తి చేశాడు. గ్రంథ పఠనానికి ఆయన ఒక కొలమానం ఇచ్చాడు. ఒక వాక్యానికి మనం చెప్పుకునే అర్థం దేవుని మీద ప్రేమనూ, పొరుగువారి మీద ప్రేమనూ పెంచకపోతే, ఆ వాక్యం మనకు ఇంకా అర్థం కాలేదని తెలుసుకోవాలి. యేసు కూడా ధర్మశాస్త్రమంతా ఈ రెండు ఆజ్ఞల మీదనే ఆధారపడి ఉందని చెప్పినట్లు మత్తయి సువార్త 22వ అధ్యాయంలో ఉంది.

కత్తిరించిన గ్రంథం

విధేయతను కోరేవారికి అవగాహన అంటే భయం ఉన్నప్పుడు ఏం జరుగుతుందో చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1807లో లండన్‌లో ఒక విచిత్రమైన బైబిల్ అచ్చయింది. బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల్లోని చెరకు తోటల్లో పనిచేసే ఆఫ్రికన్ బానిసల కోసం ఎంపిక చేసిన భాగాలతో దాన్ని తయారుచేశారు. ఇప్పుడు దాన్ని 'బానిసల బైబిల్' అంటున్నారు. పాత నిబంధనలో సుమారు 90 శాతం, కొత్త నిబంధనలో సుమారు సగం అందులో లేవు.

ఏయే భాగాలు తీసేశారు? ఐగుప్తులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులను మోషే విడిపించిన కథ లేదు. క్రీస్తునందు దాసుడనీ స్వతంత్రుడనీ భేదం లేదని పౌలు గలతీయులకు రాసిన మాట లేదు. ఏయే భాగాలు ఉంచారు? దాసులు యజమానులకు లోబడాలని ఎఫెసీయులకు రాసిన లేఖలో ఉన్న మాటను మాత్రం ఉంచారు.

గ్రంథంలోని మాటను గ్రంథం నుంచి విడదీస్తే అది బోధ కాదు, సంకెల అవుతుంది. కానీ కత్తిరించిన కథ కూడా బానిసల దాకా చేరింది. అమెరికాలోని బానిసలు మోషే కథను పాటలుగా కట్టి పాడుకున్నారు. తోటి బానిసలను రహస్యంగా స్వేచ్ఛా రాష్ట్రాలకు చేర్చిన హారియట్ టబ్‌మన్‌ను 'మోషే' అని పిలుచుకున్నారు. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన ఆత్మకథ ప్రచురించాడు. దాని చివర, తాను విమర్శించినది బానిసల యజమానుల మతాన్నే గాని క్రీస్తు మతాన్ని కాదని వివరంగా రాశాడు. యజమాని, బానిస ఒకే గ్రంథం పేరు చెప్పారు. కాని దాన్ని మొత్తంగా చదివింది బానిసే.

రమాబాయి ప్రశ్న

ఇక మన దేశానికి వద్దాం. రమాబాయి 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమల అడవి ప్రాంతంలో ఒక మరాఠీ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే ఆనాటి ఆచారాన్ని కాదని భార్యకు సంస్కృతం నేర్పాడు. తల్లి లక్ష్మీబాయి దగ్గర రమాబాయి సంస్కృతం నేర్చుకున్నారు. పురాణాలు చెప్పుకుంటూ, క్షేత్రాలు తిరుగుతూ ఆ కుటుంబం జీవించేది. 1870లలో మద్రాసు రాజధానిలో వచ్చిన కరవులో తల్లిదండ్రులు మరణించారు. అన్నతో కలిసి కాలినడకన దేశం తిరిగిన రమాబాయి 1878లో కలకత్తా చేరుకున్నారు. అక్కడి పండితులు ఆమె పాండిత్యాన్ని పరీక్షించి 'పండిత', 'సరస్వతి' బిరుదులిచ్చారు. 1880లో అన్న మరణించాడు. అదే సంవత్సరం ఆమె బిపిన్ బిహారీ మేధావిని వివాహం చేసుకున్నారు. 1882లో భర్త కూడా మరణించాడు. అప్పటికి ఆమె వయసు 23 సంవత్సరాలు, ఒడిలో పసిపాప మనోరమ ఉంది.

1883లో ఆమె వైద్యం చదవాలని ఇంగ్లండు వెళ్లారు. వాంటేజ్ అనే ఊరిలో ఆంగ్లికన్ సన్యాసినుల ఆశ్రమంలో ఉన్నారు. లండన్‌లోని ఫుల్హమ్ ప్రాంతంలో ఆ సన్యాసినులు నడిపే ఒక గృహాన్ని ఆమె చూశారు. సమాజం వెలివేసిన స్త్రీలను అక్కడ ఆదరించడం ఆమెను ఆశ్చర్యపరిచింది. ఎందుకిలా చేస్తున్నారని అడిగితే, యేసు సమరయ స్త్రీతో బావి దగ్గర మాట్లాడిన కథను ఒక సన్యాసిని ఆమెకు చెప్పింది. యోహాను సువార్త 4వ అధ్యాయంలోని ఆ కథ తన మీద ఎంత ప్రభావం చూపిందో రమాబాయి తరువాత రాశారు. ఇక్కడ వరుసను గమనించండి. ఆమె ముందు ఆచరణను చూశారు. తరువాత దాని వెనుక ఉన్న వాక్యాన్ని విన్నారు. 1883 సెప్టెంబరులో ఆమె, ఆమె కూతురు బాప్తిస్మం పొందారు.

కథ ఇక్కడితో ముగిస్తే మనకు పాఠం సగమే దొరుకుతుంది. ఆ తరువాతే అసలు పరీక్ష మొదలైంది. ఆమెకు ఆధ్యాత్మిక గురువుగా ఉన్న సిస్టర్ జెరాల్డీన్, సంఘం చెప్పిన సిద్ధాంతాలన్నింటినీ వినయంగా అంగీకరించాలని కోరింది. రమాబాయి మాత్రం ప్రశ్నించారు. త్రిత్వం గురించి సంఘం చెబుతున్నది గ్రంథంలో ఎక్కడ ఉంది? విశ్వాస ప్రమాణంలోని కఠినమైన శాపవాక్యాలను ఎందుకు ఒప్పుకోవాలి? ఆమె చెల్టెన్‌హమ్ మహిళా కళాశాలలో ఉన్నప్పుడు పురుష విద్యార్థులకు పాఠం చెప్పే ప్రస్తావన వచ్చింది. అది తగదని భారతదేశంలోని బిషప్పులు అభ్యంతరం చెప్పారు. తన దేశంలో పురుషుల సభల్లో పురాణాలు చెప్పిన తనకు ఈ ఆంక్ష ఎందుకని ఆమె అడిగారు. ఆ ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరాలు తరువాత అచ్చయ్యాయి. ఒక పురోహితవర్గపు కాడి నుంచి ఎంతో కష్టం మీద బయటపడిన తాను, మరొక వర్గపు కాడిని మెడకు తగిలించుకోబోనన్నది ఆమె వాదనలోని సారాంశం. దేవుని మాటకు లోబడతాను గాని, దేవుని మాట పేరుతో వచ్చే ప్రతి మనిషి మాటకూ లోబడనన్నది ఆమె పక్షం.

ఇది అవిధేయతా? సిస్టర్ జెరాల్డీన్ అలాగే భావించింది. ఆమె పక్షంలోనూ ఆలోచించదగిన విషయం ఉంది. ఎవరికి వారే గ్రంథానికి అర్థం చెప్పుకుంటూ పోతే సంఘం ముక్కలవుతుంది, పొరపాటు పడినవారిని సరిదిద్దేవారు ఉండరు. ఈ భయం అర్థం లేనిది కాదు. గ్రంథానికి అధికారికంగా అర్థం చెప్పే బాధ్యత సంఘానిదేనని కాథలిక్కులు నమ్ముతారు. అదే కాథలిక్ సంఘం 1965లో రెండవ వాటికన్ మహాసభ ద్వారా, విశ్వాసులందరికీ గ్రంథం అందుబాటులో ఉండాలనీ, రచనా ప్రక్రియలను గమనించి చదవాలనీ ప్రకటించింది.

రమాబాయి చివరకు తన జవాబును పనిలో చూపించారు. 1889 మార్చిలో బొంబాయిలో శారదా సదనాన్ని ప్రారంభించారు. మొదట ఇది మత ప్రమేయం లేని పాఠశాల. కొందరు బాలికలు ఆమె ప్రార్థనలకు వస్తున్నారని 1893లో పూనాలో పెద్ద వివాదం చెలరేగింది. రనడే, భండార్కర్ వంటి పెద్దలు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. 1896–97 కరవు కాలంలో ఆమె మధ్య పరగణాలకు వెళ్లి వందలాది అనాథ బాలికలను, వితంతువులను తీసుకువచ్చారు. తన తల్లిదండ్రులు కరవులో చనిపోవడం ఆమె మరచిపోలేదు. పూనా దగ్గరి కేడ్‌గావ్‌లోని 'ముక్తి' ఆశ్రమంలో 1900 నాటికి దాదాపు 2,000 మంది స్త్రీలు, పిల్లలు ఉన్నారు. వారికి చదువుతోపాటు నేత, వ్యవసాయం, అచ్చుపని నేర్పారు.

జీవితపు చివరి భాగంలో ఆమె చేపట్టిన పని మన విషయానికి చాలా ముఖ్యం. అప్పటికే మరాఠీలో బైబిల్ ఉంది. కానీ దాని భాష పల్లెటూరి స్త్రీలకు అర్థం కావడం లేదని ఆమె గమనించారు. సంస్కృతంలో మహాపండితురాలైన ఆమె, సంస్కృత పదాలను తగ్గించి, సులభమైన మరాఠీలో బైబిల్ మొత్తాన్ని కొత్తగా అనువదించాలని నిశ్చయించుకున్నారు. అందుకోసం నడివయసులో హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చుకున్నారు. ఆశ్రమంలోని స్త్రీలే అక్షరాలు కూర్చి అచ్చువేశారు. 1921లో కూతురు మనోరమ మరణించింది. 1922 ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూశారు. అప్పటికి అనువాదం పూర్తయింది. 1924లో ఆ బైబిల్ వెలువడింది.

బానిసల బైబిల్‌ను, రమాబాయి బైబిల్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి చదివేవారికి తక్కువ తెలియాలని తయారైంది. మరొకటి చదివేవారికి అంతా తెలియాలని తయారైంది. మొదటిది కోరింది లొంగుబాటు. రెండవది కోరింది తెలిసి లోబడటం.

ప్రజల భాషలో గ్రంథం ఉండాలన్న ప్రయత్నం తెలుగునాట కూడా జరిగింది. 18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ చేసిన తెలుగు అనువాదం అచ్చుకాలేదు. విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ సహాయంతో అనువదించిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి.

మాట వినడానికి వెల

చివరగా 20వ శతాబ్దపు ఉదాహరణ ఒకటి చూద్దాం. 1933లో జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చినప్పుడు అక్కడి సంఘాల్లో చాలామంది, పై అధికారులకు లోబడాలన్న రోమీయులకు రాసిన లేఖ 13వ అధ్యాయాన్ని చూపి మౌనంగా ఉన్నారు. డీట్రిక్ బాన్‌హోఫర్ అనే యువ పాస్టరు ఆ మౌనాన్ని ఒప్పుకోలేదు. ఆయన గాంధీజీని కలవాలని ఎంతో కోరుకున్నాడు. 1934లో గాంధీజీ ఆహ్వానిస్తూ ఉత్తరం రాశారు గాని, ఆ ప్రయాణం జరగలేదు. ఫింకెన్‌వాల్డేలో ఆయన నడిపిన శిక్షణాలయాన్ని 1937లో రహస్య పోలీసులు మూసివేశారు. అదే సంవత్సరం కొండమీది ప్రసంగం ఆధారంగా ఆయన రాసిన పుస్తకం వెలువడింది. వెల లేని చవక కృప సంఘానికి శత్రువని ఆయన వాదించాడు. విశ్వసించేవాడే విధేయుడవుతాడనీ, విధేయుడైనవాడే విశ్వసించగలడనీ రెండింటినీ విడదీయకుండా చెప్పాడు. 1943 ఏప్రిల్‌లో ఆయనను అరెస్టు చేశారు. 1945 ఏప్రిల్ 9న, యుద్ధం ముగియడానికి నెలరోజుల ముందు, ఉరితీశారు. రోమీయులకు రాసిన లేఖను ఆయనా చదివాడు, మౌనంగా ఉన్నవారూ చదివారు. వారు ఒక అధ్యాయం దగ్గర ఆగిపోయారు. ఆయన దాన్ని మిగతా గ్రంథంతో కలిపి చదివి, ఆ చదువుకు తన ప్రాణాన్ని వెలగా చెల్లించాడు.

సారాంశం

మనం ఇంతవరకు తెలుసుకున్న విషయాలను క్లుప్తంగా చెప్పుకుందాం. క్రైస్తవ గ్రంథం దృష్టిలో విని చేయకపోవడం ఇసుక మీద ఇల్లు కట్టడం వంటిది. చేయడమనేది దేవుని దయకు వెల కాదు, దాని ఫలం. సరిగా చేయాలంటే సరిగా అర్థం చేసుకోవాలి. అందుకు కాలం, భాష, రచనా ప్రక్రియ, సందర్భం తెలియాలి. అర్థం సరైనదో కాదో తేల్చే కొలమానం ప్రేమ. గ్రంథంలో కొంత భాగాన్నే చూపించి విధేయత కోరేవారిని ప్రశ్నించడం కూడా విధేయతలో భాగమేనని రమాబాయి జీవితం తెలియజేస్తుంది.

మీరు ఏ గ్రంథాన్ని గౌరవించేవారైనా సరే, ఈ ప్రశ్న మీకూ వర్తిస్తుంది. రేపు ఎవరైనా ఒక వాక్యాన్ని చూపించి "ఇలా చెయ్యి" అని మీతో అన్నప్పుడు, ఆ వాక్యానికి ముందూ వెనుకా ఏముందో ఒకసారి చదవండి. చదివి అది మంచిదని తెలిసిన తరువాత మాత్రం, చేయకుండా పుస్తకం మూసివేయకండి.

ఆలోచించండి

1. తండ్రి, ఇద్దరు కొడుకుల కథలో ఇద్దరి ప్రవర్తనలోనూ లోపం ఉందా? మీ అభిప్రాయం రాయండి.

2. 'రెండవ మైలు' బోధను వెట్టిచాకిరి నేపథ్యంలో మీరు ఎలా అర్థం చేసుకుంటారు?

3. రమాబాయి, సిస్టర్ జెరాల్డీన్‌ల వాదనల్లో ఒక్కొక్కదానిలోని బలాన్ని, బలహీనతను మీ మిత్రులతో చర్చించండి.

4. మీ ఇంట్లోగాని, తరగతిలోగాని అర్థం తెలియకుండా పాటిస్తున్న నియమం ఒకటి ఎంచుకుని, దాని వెనుక ఉన్న కారణాన్ని పెద్దలను అడిగి తెలుసుకోండి.